కుడిచెంప మీద పల్లం

జూన్ 3

డాక్టరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. "అరవకండి. కోపమొచ్చినప్పుడల్లా కాగితం మీద పెట్టండి, బీపీ దిగుతుంది. ఎవరికీ చూపించక్కర్లేదు" అంది. చూపించడానికి నాకెవడున్నాడు గనక.

ఇవాళ కోపం బావమరిది మీద. నిన్నా వాడి మీదే. రేపటిది కూడా ఇప్పుడే రాసేస్తే ఒక పని అయిపోతుంది.

జూన్ 4

షాపులో వెనకగది నాది, ముందుగది వాడిది. మధ్యలో ఒక తెర. తెరకు ఇటు చింతపండు నానేసిన గంగాళం, బఫింగ్ మెషిన్, దుమ్ము, నా దగ్గు. అటు అద్దాల అల్మారాలు, లైట్లు, సెంటు కొట్టుకున్న బావమరిది. ముప్పై ఏళ్ళుగా ఇత్తడి దేవుళ్ళకు మెరుగు పెడుతున్నది నేను. ఆ మెరుగు చూపించి మెప్పు కొట్టేసేది వాడు.

వాణ్ణి ఇక్కడ చేర్చిందెవరు? నేనే. "తమ్ముడికి ఏదో ఒక దారి చూపించండీ" అని మా ఆవిడ ఆర్నెల్లు నస పెడితే, యజమాని కాళ్ళావేళ్ళా పడి చేర్చాను. ఆరేళ్ళు తిరిగేసరికి యజమాని నాతో "మేస్త్రీ, ఏదైనా మీ బావమరిదిని అడిగి చెయ్యి" అంటున్నాడు. పాముకు పాలు పోశాను. పాము నయం, కాటేసే ముందు బుస కొడుతుంది. వీడు నవ్వుతాడు.

ఇవాళ వాడు ఎవరికో లక్ష్మి విగ్రహం చూపిస్తుంటే తెర వెనకనుంచి విన్నాను. "ఈ కుడిచెయ్యి చూడండమ్మా, అరచెయ్యి మనవైపు ఎత్తింది. అభయం. భయపడకు అంటోంది. ఎడమచెయ్యి కిందికి దించింది చూశారా, వరదం. అడుగు, ఇస్తాను అంటోంది. పైచేతుల్లో తామరలు. బురదలో పుట్టినా బురద అంటదు." బాగుంది, నేను నేర్పిందే. గంట తర్వాత ఇంకొకావిడ వచ్చి అదే కుడిచెయ్యి గురించి అడిగితే, "ఇంట్లోకి వచ్చే అరిష్టాన్ని ఆగు అని ఆపుతోందమ్మా" అన్నాడు. అమ్మవారేమైనా ట్రాఫిక్ పోలీసా?

జూన్ 8

ఒక మహాతల్లి వినాయకుణ్ణి గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్ది తెచ్చింది. బొజ్జనిండా గీతలు. "మెరవడం లేదండీ" అంటుంది. నీ చెంప మీద అదే పీచు పెట్టి రుద్దితే నువ్వు మెరుస్తావా? ఇంకొకాయన నిమ్మచెక్క రుద్ది కడక్కుండా వదిలేశాడు. చెవుల సందుల్లో, కిరీటం కింద పచ్చగా చిలుము. పులుపు పెట్టిన చెయ్యి నీళ్ళు కూడా పెట్టాలి, తడి తుడవాలి. ఇంత చిన్న సంగతి చెప్పి చెప్పి నా నోరు అరిగింది.

అరవలేదు. రాస్తున్నాను. బీపీ ఏమీ దిగలేదు.

జూన్ 9

యజమానికి కొత్త పిచ్చి పట్టింది. మెరిసేవి ఎవరూ అడగడం లేదట. నల్లబడినవి, చిలుము పట్టినవి కావాలట. "మేస్త్రీ, ఇక మెరుగు తగ్గించు, చిలుము పెంచు" అన్నాడు.

ముప్పై ఏళ్ళు చిలుము వదలగొట్టిన చేతులివి. ఇప్పుడు కొత్త విగ్రహాన్ని ఉప్పూ వెనిగరూ కలిపిన రంపపు పొట్టులో పాతిపెట్టాలి. వారానికి పచ్చగా పూస్తుంది. దాన్ని బావమరిది ముందుగదిలో పెట్టి "మూడు తరాల నాటిది" అంటాడు. పుట్టి వారం కాలేదు, మూడు తరాలట!

చేస్తున్నాను. చెయ్యమన్నారు, చేస్తున్నాను. అబద్ధం చెప్పేది వాడు. నాది పని మాత్రమే.

జూన్ 16

ఒకాయన వచ్చాడు. విగ్రహం ముట్టుకునే ముందు జేబులోంచి తెల్లటి గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. పాత విగ్రహాలు సేకరిస్తాడట. నేను చిలుము పట్టించినదాన్ని భూతద్దం కింద పెట్టి, "ఇది మొన్నటిది" అని పక్కన పెట్టేశాడు. యజమాని ముఖం చూడాలి అప్పుడు.

గ్లౌజులాయనకు కావలసింది ఇళ్ళల్లో పూజలందుకున్న అమ్మవారట. తోమీ తోమీ ముఖం అరిగిపోయి ఉండాలట. "చిలుము ఎవడైనా పట్టిస్తాడు. అరుగుదల ఎవడూ చెయ్యలేడు" అని వెళ్ళిపోయాడు.

ఆయన గడప దాటాడో లేదో, బావమరిది తెర ఎత్తుకుని వచ్చాడు.

"బావా, మా అమ్మ పూజించిన లక్ష్మి విగ్రహం ఉందిగా అక్క దగ్గర?"

"ఉంటే?"

"దానికి ముక్కు కూడా లేదు. ఆయనకి సరిగ్గా అలాంటిదే కావాలి. అక్కకి ఇంకోటిద్దాం. పెద్దది, మెరిసేది."

"వెళ్ళి మీ అక్కనడుగు."

"నేనడిగితే చీపురు తిరగేస్తుంది. నువ్వు చెప్తే వింటుంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఇలాంటివాళ్ళను చూసే అన్నారు. కన్నతల్లి చేత్తో తోముకున్న లక్ష్మి! నాకు ఒళ్ళు మండిపోయింది. "అరుగుదల ఎవడూ చెయ్యలేడా? నేను చేస్తాను. మీ అమ్మకి యాభై ఏళ్ళు పట్టింది. నాకు పది రోజులు చాలు" అన్నాను. అరిచాను అనడమే నిజం. యజమాని కూడా విన్నాడు. అప్పటికప్పుడు గోదాములోంచి బావమరిది చెప్పినట్టు అదే ఎత్తు, అదే పోత కొత్త లక్ష్మిని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

జూన్ 17

ఎందుకన్నాను?

జూన్ 18

మా ఆవిడ కుట్టుషాపుకు వెళ్ళాక గూట్లోంచి లక్ష్మిని తీసి వెలుతుర్లో పెట్టి చూశాను. ఇరవై నాలుగేళ్ళుగా నా ఇంట్లో ఉంది, ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. జానెడు ఎత్తు. ముక్కు ముఖంలో కలిసిపోయింది. కళ్ళు రెండు గీతలు. పెదవి ఉందా లేదా అన్నట్టుంది. అభయహస్తం వేళ్ళన్నీ కలిసి ఒకటైపోయాయి. కుడిచెంప మీద చిన్న పల్లం ఉంది, బొటనవేలు పట్టేంత. ఎడమచెంప నున్నగా నిండుగానే ఉంది. పోత పోసినవాడు మైనం అచ్చు సరిగ్గా దిద్దలేదు, వాడి తప్పు అది. నా దాంట్లో ఆ తప్పు రానివ్వను.

మెరుగు పెట్టేవాడి ఇంట్లో ఉండి కూడా ఈ విగ్రహానికి నా చెయ్యి తగలలేదు. పెళ్ళయిన కొత్తలో "షాపుకు తీసుకెళ్ళి మెషిన్ మీద పెడితే రెండు నిమిషాల్లో అద్దంలా చేస్తాను" అన్నాను. "మెషిన్‌కి ఈవిడెవరో తెలుసా?" అంది మా ఆవిడ. అప్పటినుంచి నేను ఊసెత్తలేదు. శుక్రవారం పొద్దున తోముతుంది. చింతపండు గుజ్జు, రెండుసార్లు మంచినీళ్ళు, మెత్తబడిన పాత నూలుగుడ్డ, చివర ఒక్క చుక్క నూనె. నేను ఆ టైముకు పేపరు చదువుకుంటూ ఉంటాను.

జూన్ 22

ముక్కు పోయింది. అమ్మవారిది. నా వేళ్ళు కూడా సగం పోయాయి. సన్న గరుకు కాగితంతో మొదలుపెట్టి, ఆ మీద గోనెగుడ్డ, ఆ మీద బూడిద, ఆ మీద ఉత్త బొటనవేలు. మెషిన్ ముట్టుకోలేదు. రోజూ పొద్దున ఇంటి లక్ష్మిని సంచిలో పెట్టుకెళ్ళి పక్కన నిలబెట్టుకుంటున్నాను, మా ఆవిడ సాయంత్రం వచ్చేలోపు గూట్లో పెట్టేస్తున్నాను. దొంగతనమేమీ కాదు. నమూనా చూసుకుంటున్నాను.

బావమరిది గంటకోసారి తెర తొలగించి, "ఇంకెన్ని తరాలు బావా?" అంటున్నాడు.

జూన్ 27

అయింది. పక్కపక్కన పెడితే నాకే తికమక. ఒక్క మాటలో చెప్పాలంటే నాదే బాగుంది. ఆ పల్లం లేదు కదా.

జూన్ 28

గ్లౌజులాయన చూశాడు. రెండు నిమిషాలు. అంతే.

"మంచి పనివాడే చేశాడు. కానీ రెండు చెంపలూ ఒక్కలాగే అరిగాయి. మనిషి చెయ్యి ఇంత న్యాయంగా ఉండదు" అన్నాడు.

బావమరిది నవ్వాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు. పదకొండు రోజులు నేను వేళ్ళు అరగదీసుకుంటే, వాడు నవ్వాడు. వాణ్ణి చంపినా పాపం లేదు.

జూన్ 30

ఆయన భూతద్దం ఎంత, ఆయనెంత. అసలు పరీక్ష ఇంట్లో ఉంది. ఇరవై నాలుగేళ్ళు ఆ ముఖాన్నే చూసిన మనిషి కంటే గొప్ప పరీక్ష ఎవరు పెడతారు? నా లక్ష్మిని గూట్లో పెట్టాను. పాతదాన్ని తువ్వాల్లో చుట్టి షాపులో నా సొరుగులో పెట్టాను. ఒక్క రోజే.

మా ఆవిడ ఆరింటికి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. దీపం వెలిగించింది. రోజూకంటే కాస్త ఎక్కువసేపు నిలబడింది.

"ఏమైనా అన్నావా?" అన్నాను.

"లేదే. మీరేమైనా చెప్పాలా?"

"నేనేం చెప్తాను?"

"ఊరికే అడిగాను" అని వంటింట్లోకి వెళ్ళింది.

గెలిచాను! గ్లౌజులు తొడుక్కుని ఊళ్ళు తిరిగితే సరా? మా ఆవిడే గుర్తుపట్టలేదు. ఈ సంగతి బావమరిదికి చెప్పలేకపోతున్నానే అని ఒక్కటే బాధ.

జూలై 1

ఇంకో రెండు రోజులు. శుక్రవారం తోముతుంది కదా. తోమినప్పుడు కూడా తెలియకపోతే అప్పుడు పూర్తిగా గెలిచినట్టు.

జూలై 3, శుక్రవారం

తోమింది. పేపరు వెనకనుంచి వింటున్నాను. నీళ్ళ చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి చూస్తారా?"

"పేపర్లో ఉన్నాను" అన్నాను.

"సరే" అంది.

జూలై 4

పాతదాన్ని తెచ్చి పెట్టేయాలి. ఇవాళ పని ఎక్కువైంది. సోమవారం తెస్తాను.

జూలై 6, సోమవారం

సాయంత్రం తెద్దామనే అనుకున్నాను. అది రాసి పెట్టుకుంటున్నాను.

మధ్యాహ్నం గ్లౌజులాయన వేరే ఏదో చూడ్డానికి వచ్చాడు. యజమాని నన్ను ముందుగదిలోకి పిలిచి, "మేస్త్రీ, ఆ అరిగిన ముఖాలు మళ్ళీ ఏమైనా తగిలాయా?" అని కన్ను గీటాడు. నేను నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "మా బావ పని అయిపోయిందండీ. ఆయనకి చింతపండే నయం."

తెర తోసుకుని వెనకగదిలోకి వచ్చాను, నా చెయ్యి సొరుగు దగ్గరకు వెళ్ళింది. తువ్వాలలో ఉన్నది ఏదో నాకు తెలుసు. తెలియదని రాస్తే ఈ నోటుబుక్కు కూడా నవ్వుతుంది.

గ్లౌజులాయన తువ్వాల విప్పాడు. భూతద్దం తియ్యలేదు. తొడుగు వేసిన బొటనవేలు కుడిచెంప పల్లంలో పెట్టాడు. సరిగ్గా పట్టింది.

"ఎవరింటిది?"

"ఒక ముసలావిడది."

"ఆవిడ పిల్లలు?"

"ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు" అన్నాను.

బావమరిది నవ్వు అప్పుడు ఆగింది. అమ్మవారి ముఖం చూశాడు. నా ముఖం చూశాడు. ఆయన ఒక కాగితం ఇస్తే నేను సంతకం పెట్టాను, ఈ విగ్రహానికి వారసులు లేరని. యజమాని "ప్యాక్ చెయ్యవోయ్" అంటే వాడే ప్యాక్ చేశాడు. చెయ్యబోయే ముందు ఆ పాదాలు కళ్ళకద్దుకున్నాడు. తేలు కుట్టిన దొంగలం ఇద్దరం అద్దాల మధ్య నిలబడ్డాం.

ఆయన వెళ్ళాక యజమాని నా వీపు తట్టాడు. "మేస్త్రీ, ఏం చెయ్యయ్యా నీది! భూతద్దాన్నే బోల్తా కొట్టించావు!"

నేను కాదనలేదు. నవ్వాను కూడా.

జూలై 7

ఏమైంది ఇప్పుడు? ఇత్తడి వెళ్ళింది, ఇత్తడి వచ్చింది. దీపం వెలుగుతోంది, పూజ జరుగుతోంది. ఆవిడకు తేడా తెలియనప్పుడు తేడా ఉన్నట్టా లేనట్టా?

అయినా మొదట అడిగింది వాడు. నేను కాదు.

జూలై 8

మొదట అడిగింది వాడు.

జూలై 9

బావమరిది వెనకగదిలోకి వచ్చాడు. సెంటు వాసన లేదు.

"బావా, తెచ్చేద్దాం."

"అమ్ముదామన్నది నువ్వేగా!"

"అన్నాను. నాది నోరు, వాగుతుంది. నేను వాగుతాను, నువ్వు తిడతావు, ఆరేళ్ళుగా అంతేగా? నువ్వు కాదంటావులే అనుకునే అన్నాను." వాడు నా బల్ల మీది గోనెగుడ్డ తీసి మడతపెట్టాడు. "ఇంకెవరూ లేరన్నావు. నేను పక్కనే ఉన్నాను బావా."

బయటికి పొమ్మని అరిచాను. పోయాడు. తర్వాత చాలాసేపు మెషిన్ ఖాళీగా తిప్పాను.

వాడి మీద కోపం కోసం వెతుకుతున్నాను. దొరకడం లేదు. కోపమంతా ఇంట్లోకే వస్తోంది, నా మీదికి.

జూలై 11

గ్లౌజులాయన ఇంటికి వెళ్ళాను. పెద్ద గది, తెల్లటి గోడలు, వరసగా గాజుపెట్టెలు. మూడో పెట్టెలో ఆవిడ. పైన చిన్న లైటు. కింద అట్టముక్క మీద రాసి ఉంది: "వారసులు లేని ఇంటి లక్ష్మి."

"అయ్యా, అది మా ఆవిడ పుట్టింటిది. పొరపాటు జరిగింది. తిరిగి ఇచ్చేయండి" అన్నాను.

"ఎవరూ లేరని మీరే చెప్పారు. సంతకం కూడా పెట్టారు. ఇప్పుడు ఆవిడ ఎక్కడినుంచి వచ్చింది?"

నిజం చెప్పాను. మొదటినుంచీ చెప్పాను, కొత్త లక్ష్మి, గూడు, సొరుగు, అన్నీ. ఆయన ఓపిగ్గా విన్నాడు, నమ్మలేదు. నకిలీలు చేసేవాడి మాట ఎవడు నమ్ముతాడు? నేనైనా నమ్మను. "బెంగ పడకండి. పెట్టెలోకి గాలి కూడా పోదు. చిలుము పట్టదు. ఇక ఒక్క వెంట్రుకవాసి కూడా అరగదు" అని ధైర్యం చెప్పాడు.

గాజు మీద చెయ్యి పెట్టబోయాను.

"చేతులు పెట్టకండి" అన్నాడు.

అభయహస్తం నావైపే ఉంది. భయపడకు అంటోందని వాడికి నేర్పింది నేనే. నాకు భయమేసింది.

జూలై 12, ఆదివారం

మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని జాకెట్టుకు కాజాలు కుడుతోంది.

"నీకొక సంగతి చెప్పాలి" అన్నాను.

"చెప్పండి. పన్నెండు రోజులైంది" అంది, తలెత్తకుండా.

"నీకు తెలుసా?"

"దీపం వెలిగించగానే తెలిసింది. మా అమ్మ పల్లం లేదు."

"అది పోతలో తప్పనుకున్నాను…"

సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. ఎడమచెయ్యి ఎత్తి, బొటనవేలు నా ముఖం ముందు పెట్టింది. సూది పట్టిన చెయ్యి కూడా అదే. నేను అప్పుడే చూశాను.

"మా అమ్మ ఎడమచేతి వాటం. దేవుణ్ణి ఎడంచేత్తో ముట్టుకుంటావా అని మా నాయనమ్మ వేళ్ళ మీద కొట్టేది. అందుకని తలుపేసుకుని తోమేది. కుడిచేత్తో పట్టుకుని, ఎడమ బొటనవేలితో, అదే చెంప మీద. నాదీ అదే వాటం. నేను తలుపులు వేసుకోలేదు. ఇరవై నాలుగేళ్ళు మీ ఎదురుగానే తోమాను."

"తెలిస్తే మరి అడగలేదేం?"

"మొదటిరోజే అడిగాను. శుక్రవారం పిలిచాను కూడా. మీ పని మీరు చూపించుకుంటారేమో, నవ్వుకుందామని చూశాను."

"ఇప్పుడు చెప్తున్నా కదా."

"అమ్మేశాక చెప్తున్నారు." అంత మెల్లగా అంది. అరిచినా బాగుండేది. "తమ్ముడు వచ్చి ఏడ్చి వెళ్ళాడు. వాడికి ఆ ఒక్క తెలివైనా ఉంది."

తర్వాత లేచి, చింతపండు గిన్నె, నూలుగుడ్డ, నూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"గూట్లో ఉన్నది మీరు చేసుకున్న అమ్మవారు. మీరే తోముకోండి."

జూలై 14

తెర అవతల ఒకావిడ కుడిచేతికి అర్థం అడిగింది. "ఏమోనమ్మా, నాకు తెలీదు" అన్నాడు బావమరిది.

జూలై 17, శుక్రవారం

చింతపండు పిసికాను. కుడిచేత్తో పట్టుకుని ఎడమ బొటనవేలు కుడిచెంప మీద పెట్టాను. వేలు మాట వినదు. జారి చెవి మీదికి పోతుంది, కిరీటానికి కొట్టుకుంటుంది. ముప్పై ఏళ్ళ మేస్త్రీని, జానెడు విగ్రహం తోమలేకపోయాను. రెండుసార్లు మంచినీళ్ళతో కడిగాను. తడి తుడిచాను. ఒక చుక్క నూనె పెట్టాను. వెలుతురుకు ఎత్తి చూశాను, ఆ చెంప అలాగే ఉంది. నాకు యాభై రెండు. వాళ్ళిద్దరికీ కలిపి డెబ్బై ఏళ్ళ పైన పట్టింది.

అయినా ఎక్కడో చిన్న నీడలా పడిందేమో అనిపించింది. నాకొక్కడికే అనిపించిందో ఏమో తెలుసుకోవాలనుకున్నాను.

"ఇదిగో, ఒకసారి ఇలా వచ్చి చూస్తావా?"

మా ఆవిడ కుర్చీలో అటు తిరిగి కూర్చుని ఉంది.

"పేపర్లో ఉన్నాను" అంది.